ఆఫ్రికా చరిత్ర కోసం ఒక్క ప్రయాణం: ఇథియోపియా, స్వాహిలి తీరం, ఘనా, జింబాబ్వేలలో మీకు ఏది?

ఆఫ్రికా వెళ్తున్నామంటే మనవాళ్లలో ఎక్కువమందికి గుర్తొచ్చేవి మసాయి మారా సింహాలు, లేదంటే ఈజిప్టు పిరమిడ్లు. రెండూ చూడదగ్గవే. అయితే ఆ ఖండంలో మనుషులు కట్టిన నగరాలు, నడిపిన రాజ్యాలు, నేటికీ పాటిస్తున్న ఆచారాలు చూడాలనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకోసమే ఇది. దేశాలు చూస్తే 54, చేతిలో ఉన్నది పది పన్నెండు రోజుల సెలవు. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే చిక్కు.

ఒకే ప్రయాణంలో మూడు దేశాలు చుట్టేద్దామన్న ఆలోచన మాత్రం ముందే మానుకోండి. ఇథియోపియాలోని లాలిబెల చూసి అటునుంచి ఘనా కోటలకు వెళ్దామనుకుంటే సెలవులో పెద్ద ముక్క విమానాశ్రయాల్లోనే కరిగిపోతుంది. ఒక ప్రాంతం పట్టుకుని, దాన్ని తీరిగ్గా చూడండి.

ఈజిప్టును ఈ పోలికలోకి తీసుకోలేదు, దానిమీద తెలుగులోనే కావలసినంత సమాచారం దొరుకుతుంది. ఇష్టం ఉండి కూడా పక్కన పెట్టాల్సి వచ్చినవి రెండు. ఒకటి మాలీలోని తింబక్తు. 2012లో సాయుధ మూకలు ఆ ఊరిని పట్టుకుని సూఫీ సమాధులను కూలగొట్టినప్పుడు, అక్కడివాళ్లు ప్రాణాలకు తెగించి రాతప్రతులను రేకు పెట్టెల్లో బమాకోకు తరలించారు. రెండోది సూడాన్‌లోని మెరోవే. ప్రాచీన కుష్ రాజ్యపు రాజుల, రాణుల పిరమిడ్లు అక్కడ 200 పైగా ఉన్నాయి. మాలీలో అలజడి చల్లారలేదు, సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. ఈ రెండింటి గురించి ప్రస్తుతానికి చదువుకోవడమే మేలు.

## దేన్నిబట్టి ఎంచుకోవాలి

మొదట చూడాల్సింది ఆధారం ఏ రూపంలో ఉందన్నది. ఒకచోట చరిత్ర రాతిలో ఉంటుంది, ఒకచోట రాజదర్బారు ఆచారంలో, మరోచోట చీకటి కొట్ల గోడల్లో. కట్టడాల ముందు గంటలు గడపగలిగేవాళ్లకూ, మనుషులతో మాట్లాడితేనే ఊరు అర్థమయ్యేవాళ్లకూ ఒకే చోటు నప్పదు.

తర్వాత, ఆ వారసత్వం ఇంకా వాడుకలో ఉందా, టికెట్ కొని చూసే శిథిలంగా మిగిలిందా అన్నది.

మూడోదాన్ని నేను అన్నిటికన్నా పైన పెడతాను: ఆ కథ ఎవరి నోట వింటాం? ఆఫ్రికా చరిత్రను చాలాకాలం బయటివాళ్లే రాశారు. అదీ, ఇక్కడివాళ్లకు ఇంతటివి కట్టడం చేతకాదన్న నమ్మకంతో మొదలుపెట్టి రాశారు. ఆ ఊరివాళ్లే గైడ్లుగా, క్యూరేటర్లుగా, అర్చకులుగా ఎదురుగా నిలబడి చెప్పే చోటికి వెళ్తే మనకు తెలిసే చరిత్రే వేరుగా ఉంటుంది.

భద్రత గురించి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ తేడా వస్తే మిగతావేవీ లెక్కలోకి రావు. తిండి, టీకాలు, వానాకాలం ఆ తర్వాత.

| | ఇథియోపియా | స్వాహిలి తీరం (టాంజానియా) | ఘనా | జింబాబ్వే |
|---|---|---|---|---|
| ముఖ్యమైన ఊళ్లు | అక్సుమ్, లాలిబెల | జాంజిబార్ స్టోన్ టౌన్, కిల్వా | ఎల్మినా, కేప్ కోస్ట్, కుమాసి | గ్రేట్ జింబాబ్వే, ఖామి |
| ప్రధాన కాలం | 4 నుంచి 13వ శతాబ్దం | 11 నుంచి 19వ శతాబ్దం | 15వ శతాబ్దం నుంచి నేటివరకు | 11 నుంచి 17వ శతాబ్దం |
| వాడుకలో ఉందా | పూర్తిగా | స్టోన్ టౌన్‌లో అవును, కిల్వాలో శిథిలాలు | కుమాసిలో పూర్తిగా | ప్రధానంగా శిథిలాలు |
| భద్రత | ఇప్పుడు అనుమానమే | సాధారణంగా బాగుంటుంది | సాధారణంగా బాగుంటుంది | సాధారణంగా బాగుంటుంది |
| శాకాహారం | చాలా తేలిక | తేలిక | అడిగి తినాలి | దొరుకుతుంది, రకాలు తక్కువ |
| అనువైన నెలలు | అక్టోబరు–జనవరి | జూన్–అక్టోబరు | నవంబరు–మార్చి | మే–సెప్టెంబరు |
| కనీసం ఎన్ని రోజులు | 8–10 | 7–9 | 8 | 4–5 |

రోజుల లెక్క నా అంచనా. రాకపోకల విమానాలు అందులో కలపలేదు.

## ఇథియోపియా: ఆగని పూజ

లాలిబెలలో బేతె గియోర్గిస్ చర్చి దూరం నుంచి కనిపించదు. రాతి నేల మీద నడుస్తూ పోతే ఉన్నట్టుండి కాళ్ల ముందు నేల తెగిపోతుంది. తొంగి చూస్తే మీరు నిలబడ్డ ఎత్తులోనే శిలువ ఆకారంలో చదునైన పైకప్పు, దాని చుట్టూ లోతైన గుంట. ఎర్రటి అగ్నిపర్వత శిలను పైనుంచి కిందికి తొలుచుకుంటూ వెళ్లి, మిగిలిన రాతి దిమ్మెలో గుమ్మాలు, కిటికీలు, లోపలి స్తంభాలు చెక్కారు. ఎల్లోరా కైలాస ఆలయం చూసినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే తెలిసిపోతుంది. ఇలాంటి చర్చిలు ఇక్కడ 11 ఉన్నాయి. 12వ శతాబ్దం చివర, 13వ శతాబ్దం మొదట్లో జాగ్వె వంశపు రాజు లాలిబెల వీటిని తొలిపించాడని సంప్రదాయం చెబుతుంది.

రాతిపని ఎంత గొప్పదైనా నన్ను ఎక్కువగా కదిలించేది అక్కడి వాడుక. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా తెల్లవారుజామున తెల్లటి నూలు శాలువాలు కప్పుకున్న జనం చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తారు. ప్రార్థన గీజ్ భాషలో సాగుతుంది. ఇంటి మాటగా ఆ భాష ఎప్పుడో ఆగిపోయింది, గుడి మాటగా ఆగలేదు. జనవరి 7న వచ్చే క్రిస్మస్‌కు యాత్రికులు రోజుల తరబడి నడిచి ఇక్కడికి చేరతారు.

అక్సుమ్ ఇంకా పాతది. 4వ శతాబ్దంలో ఎజానా రాజు క్రైస్తవం స్వీకరించాడు, ఆ మార్పు అతని నాణేల మీదే కనిపిస్తుంది. అంతకుముందు నెలవంక ఉన్నచోట శిలువ వచ్చింది. అక్కడి ఏకశిలా స్తంభాల్లో 24 మీటర్ల ఎత్తున్న ఒకదాన్ని ముస్సోలినీ సేనలు 1937లో రోమ్‌కు ఎత్తుకుపోయాయి. 2005లో అది ముక్కలుగా తిరిగొచ్చింది, 2008లో మళ్లీ నిలబెట్టారు. భారతదేశంతో వ్యాపారానికి గుర్తులు కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నాయి: డెబ్రె డామో మఠం దగ్గర కుషాణుల బంగారు నాణేలు దొరికాయి. దక్కన్ చరిత్ర చదివినవాళ్లకు ఇంకో తీగ కూడా తగులుతుంది. మొగలులను ముప్పుతిప్పలు పెట్టిన అహ్మద్‌నగర్ సేనాని మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడుపోయి ఇటు వచ్చినవాడే.

తిండికి నాలుగింటిలో ఇదే మేలు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు, ఇంకా పెద్ద ఉపవాస కాలాలు కలిపి ఏడాదిలో దాదాపు సగం రోజులు మాంసం, పాలు, వెన్న ముట్టరు. ఉపవాస భోజనం కావాలని అడిగితే చాలు, ఇంజెరా అనే పుల్లటి అట్టు మీద పప్పులు, శనగపిండి షిరో, ఆకుకూరలు వచ్చేస్తాయి.

ఇన్ని చెప్పి కూడా ఇప్పుడే వెళ్లండని చెప్పలేను. 2020 నుంచి 2022 దాకా టిగ్రాయ్ యుద్ధం అక్సుమ్ ప్రాంతాన్ని చిదిమేసింది. 2023 నుంచి లాలిబెల ఉన్న అమ్హారా ప్రాంతంలో సైన్యానికీ స్థానిక సాయుధ దళాలకూ పోరు నడుస్తోంది. విమానం దిగుతోంది కదా అని ఊరు ప్రశాంతంగా ఉందనుకోకూడదు. పరిస్థితి కుదుటపడిన రోజున మాత్రం నా జాబితాలో ఇదే మొదటిది.

ఈలోగా చేయగలిగింది ఒకటుంది. మన దేశం నుంచి ఆఫ్రికాలో చాలాచోట్లకు వెళ్లే విమానాలు అడ్డిస్ అబాబాలో మారతాయి. అక్కడ ఒక రోజు ఆగితే నేషనల్ మ్యూజియం చూడొచ్చు. 1974లో దొరికిన, 32 లక్షల ఏళ్లనాటి మానవ పూర్వజాతికి చెందిన లూసీ అవశేషాలు ఆ మ్యూజియంవే.

## స్వాహిలి తీరం: గాలివాటు కట్టిన ఊళ్లు

డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్యం నుంచి వీచే గాలి అరేబియా, గుజరాత్ తీరాల ఓడలను తూర్పు ఆఫ్రికాకు తెచ్చేది. ఏప్రిల్ తర్వాత గాలి తిరగబడి వాటిని వెనక్కి పంపేది. గాలి మారేదాకా వ్యాపారులు అక్కడే ఉండిపోయేవాళ్లు, పెళ్లిళ్లు చేసుకునేవాళ్లు. సోమాలియా నుంచి మొజాంబిక్ దాకా ఉన్న రేవు పట్టణాలు ఇలా ఎదిగాయి.

వాటిలో గొప్పది కిల్వా. 1331లో అక్కడ దిగిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా దాన్ని అందమైన నగరాల్లో ఒకటిగా లెక్కగట్టాడు. పగడపు రాయితో కట్టిన పెద్ద మసీదు, కొండ అంచున అష్టకోణపు కొలనున్న హుసూని కుబ్వా ప్రాసాదం ఇంకా చూడొచ్చు. ఈ సంపదకు మూలం దక్షిణాన సొఫాలా రేవు నుంచి వచ్చే బంగారం. 1505లో పోర్చుగీసులు దాడిచేసి దోచుకోవడంతో పతనం మొదలైంది.

ఈ ఊళ్లను అరబ్బులో పర్షియన్లో కట్టారని వలసపాలకుల కాలంలో రాసేవాళ్లు. తవ్వకాలు వేరే సంగతి చెప్పాయి: అడుగున ఉన్నవి ఆఫ్రికన్ల ఊళ్లే, వాటి మీదే రాతి నగరాలు లేచాయి. 2023లో వెలువడిన ప్రాచీన డీఎన్ఏ అధ్యయనం రెండు పాయలనూ చూపించింది. తల్లుల వైపు ప్రధానంగా ఆఫ్రికా, తండ్రుల వైపు ఎక్కువగా పర్షియా.

జాంజిబార్ స్టోన్ టౌన్ ఇంతకన్నా దగ్గరి కాలానిది, చేరుకోవడం సులువు. ఇరుకు సందుల్లో చెక్కడపు తలుపులు చూస్తూ నడవడమే ఒక రోజు పని. ఇత్తడి గుబ్బలున్న తలుపుల్లో గుజరాతీ పనితనం కనిపిస్తుంది. అయితే అక్కడే మనం తల దించుకోవాల్సిన చోటు కూడా ఉంది. 1873లో మూసేయించిన బానిసల సంత స్థలంలో ఆంగ్లికన్ చర్చి కట్టారు. లోతట్టు ప్రాంతాల నుంచి మనుషుల్ని, ఏనుగు దంతాల్ని తెచ్చిన బిడారులకు పెట్టుబడి పెట్టినవాళ్లలో కచ్ఛ్ నుంచి వెళ్లిన భారతీయ వ్యాపారులు ఉన్నారు. ఈ మాట గైడ్ చెప్పకపోతే మీరే అడగండి.

లోపాలు చెప్పాలంటే, జాంజిబార్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది సముద్రం కోసం వస్తారు, కాబట్టి చరిత్ర బాగా తెలిసిన గైడ్ కోసం కాస్త వెతుక్కోవాలి. హౌస్ ఆఫ్ వండర్స్‌గా పేరున్న 1883 నాటి రాజభవనంలో కొంతభాగం 2020 డిసెంబరులో కూలిపోయింది. ఇక కిల్వా వెళ్లడానికి దార్ ఎస్ సలామ్ నుంచి సుమారు 300 కిలోమీటర్ల రోడ్డు, ఆపైన పడవ. చాలామంది దాన్ని వదిలేస్తారు. వదలొద్దు, అక్కడ రద్దీ ఉండదు, శిథిలాల మధ్య కావలసినంత సేపు గడపొచ్చు.

## ఘనా: కోటలతో ఆపేయకండి

ఘనా వెళ్లినవాళ్లు తప్పకుండా చూసేవి రెండు కోటలు. ఎల్మినాను పోర్చుగీసులు 1482లో కట్టారు, 1637లో డచ్చివాళ్లు గెలుచుకున్నారు. అక్కడికి కాస్త దూరంలోనే ఉన్న కేప్ కోస్ట్ బ్రిటిష్‌వాళ్ల కేంద్రం. ఎల్మినాలో బానిసలుగా అమ్మడానికి బంధించిన ఆడవాళ్ల చీకటి కొట్లు ఒక చిన్న ముంగిలి చుట్టూ ఉంటాయి. పైన గవర్నరు వసారా. ఆయన అక్కడ నిలబడి కింద నిలబెట్టిన ఆడవాళ్లలో ఒకరిని ఎంచుకునేవాడని గైడ్లు చూపిస్తారు. కేప్ కోస్ట్‌లో మగవాళ్ల నేలమాళిగలో వెలుగుకు, గాలికి పైన చిన్న రంధ్రాలే దిక్కు. దాని మీదే ప్రార్థన మందిరం ఉండేది.

తెలుగు పాఠకులు ఇక్కడ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. బానిసల్ని కొనడానికి యూరోపియన్లు ఇచ్చిన సరుకుల్లో తుపాకులు, సారాతో పాటు భారతీయ నూలు బట్టలకు పెద్ద గిరాకీ ఉండేది. కోరమాండల్ తీరంలో నేయించి, ఐరోపాకు చేర్చి, అక్కడినుంచి పశ్చిమ ఆఫ్రికాకు పంపే రకానికి గినియా బట్ట అనే పేరే పడింది. ఆ మగ్గాల ముందు కూర్చున్న నేతగాడికి తన బట్ట దేనికి మారకమవుతుందో తెలిసే దారి లేదు. ఆ కొట్లలో నిలబడేటప్పుడు మనకైనా తెలిసి ఉండాలి.

కోటలు మాత్రమే చూసి వెనక్కి వచ్చేస్తే ఘనా అంటే బాధితుల దేశమన్న బొమ్మే మనసులో మిగులుతుంది. అది అన్యాయం. అందుకే కుమాసికి కనీసం మూడు రోజులు కేటాయించమంటాను. అసాంతె రాజ్యం 1700 ప్రాంతంలో ఒసెయి టుటు, ఆయన గురువు ఒకొంఫో అనోచె చేతుల మీదుగా నిలబడింది. జాతి ఆత్మగా భావించే బంగారు పీఠం మీద రాజుతో సహా ఎవరూ కూర్చోరు. 1900లో బ్రిటిష్ గవర్నరు దాన్ని తెచ్చి ఇమ్మన్నాడు, తాను కూర్చుంటానన్నాడు. ఎజిసు రాజమాత యా అసాంతెవా యుద్ధానికి నడుం కట్టింది. ఆమెను సీషెల్స్‌కు ప్రవాసం పంపారు. పీఠం మాత్రం బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కలేదు.

ఆ రాజవంశం ఇప్పటికీ కొలువులో ఉంది. ఆరు వారాలకోసారి ఆదివారం నాడు అక్వాసిడే జరుగుతుంది. మన్‌హియా ప్రాసాదంలో రాజు గొడుగుల కింద, బంగారు ఆభరణాలతో, డప్పుల మధ్య దర్శనమిస్తాడు. ప్రయాణ తేదీలు దీన్నిబట్టే పెట్టుకోండి. ప్రాసాదం మ్యూజియం కూడా చూడాలి. 1874లో బ్రిటిష్ సేన కుమాసిని తగలబెట్టి దోచుకుంది. ఆ దోపిడీలకు ముడిపడ్డ వస్తువులు సహా 32 బంగారు, వెండి వస్తువులు 2024లో లండన్‌లోని రెండు మ్యూజియంల నుంచి వచ్చాయి, అదీ అరువుగా. దోచుకున్న సొత్తును సొంతదారుకే అరువిచ్చి, గడువు తీరాక తిరిగి ఇమ్మనడం నాకు మింగుడుపడదు. అదే ఏడాది లాస్ ఏంజెలిస్‌లోని ఒక మ్యూజియం తన దగ్గరున్న ఏడింటిని పూర్తిగా ఇచ్చేసింది కూడా.

చేనేత తెలిసిన ఇంట్లో పుట్టినవాళ్లు కుమాసి దగ్గరి బోన్‌విరేను జాబితాలో చేర్చుకోండి. కెంటె బట్టను బెత్తెడు వెడల్పు పట్టీలుగా నేసి, వాటిని పక్కపక్కన కుట్టి నిండు వస్త్రం చేస్తారు. మగ్గం పక్కన కూర్చోనిస్తారు, అడిగితే ప్రతి నమూనా పేరూ చెబుతారు.

శాకాహారులు జాగ్రత్త పడాలి. అలసందల కూర, అన్నంతో కలిపి వండే బొబ్బర్లు తినదగ్గవే. కానీ కూరల్లో ఎండుచేప పొడి పడుతుంది, ప్రతిచోటా అడగాలి. భాష ఇబ్బంది లేదు, ఇంగ్లీషు బాగా నడుస్తుంది.

## జింబాబ్వే: దేశానికి పేరిచ్చిన గోడలు

మస్వింగో పట్టణానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో గ్రేట్ జింబాబ్వే ఉంది. 11 నుంచి 15వ శతాబ్దం దాకా షోనా ప్రజల పూర్వీకులు కట్టిన రాతి నగరం. పెద్ద ఆవరణ బయటి గోడ చుట్టుకొలత సుమారు 250 మీటర్లు, ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. సున్నం లేదు, బంకమన్ను లేదు. పలకలుగా విడిపోయే గ్రానైటు రాతిని ఇటుకల్లా సైజు చేసి, వరస మీద వరస పేర్చారు. రెండు గోడల మధ్య ఇరుకు దారిలో నడిచేటప్పుడు ఆ వరసలు ఎంత సమంగా పోతాయో చేత్తో తడిమి చూడొచ్చు. కిల్వా సుల్తాను నాణెం ఒకటి, చైనా పింగాణీ ముక్కలు ఇక్కడ దొరికాయి. సొఫాలా బంగారం ఎటునుంచి వెళ్లిందో తెలిపే ఆనవాళ్లు ఇవే.

1871లో వచ్చిన జర్మన్ యాత్రికుడు కార్ల్ మౌఖ్ దీన్ని బైబిల్లోని షీబా రాణి కథకు ముడిపెట్టాడు. ఆఫ్రికన్లే కట్టారని 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ తవ్వి తేల్చినా రొడీషియా (జింబాబ్వేకు అప్పటి పేరు) తెల్ల ప్రభుత్వం ఒప్పుకోలేదు. నిజం రాసిన పురావస్తువేత్త పీటర్ గార్లేక్ 1970లో దేశం విడిచాడు. 1980లో స్వతంత్ర దేశం ఈ గోడల పేరే పెట్టుకుంది, ఇక్కడి రాతి పక్షిని జెండా మీద ఎగరేసింది.

ఇంత చరిత్ర ఉన్నా ప్రయాణంగా చూస్తే ఇది చిన్నది. రెండు రోజుల్లో అయిపోతుంది. వలసకాలంలో ఈ శిథిలాల క్యూరేటరు ఆర్.ఎన్. హాల్ లోపలి మట్టి పొరలను ఊడ్చి పారేయించాడు, అందుకే ఇక్కడి జనం రోజువారీ బతుకు గురించి చెప్పే ఆధారాలు చాలావరకు పోయాయి. ముందు చదువుకుని వెళ్లకపోతే రాళ్లు చూసి వచ్చినట్టే ఉంటుంది. బులవాయో దగ్గరి ఖామి, విక్టోరియా జలపాతం కలుపుకుంటే నిండైన యాత్ర అవుతుంది.

## ఎవరికి ఏది

పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబానికి స్వాహిలి తీరం. సగం రోజు చరిత్ర, సగం రోజు సముద్రం, చపాతీ, కొబ్బరి పాలలో వండిన చిక్కుళ్లు దొరికే చోటు. నేలమాళిగల్లో చెప్పే విషయాలు చిన్నపిల్లలకు బరువు కాబట్టి ఘనా ప్రయాణం పిల్లలు కాస్త పెద్దయ్యాక పెట్టుకోండి.

ఒక్కరే వెళ్లేవాళ్లకు, మనుషులతో కలిసిపోవడం ఇష్టమైనవాళ్లకు ఘనా. కథ ఎవరి నోట వింటామన్న కొలతలో ప్రస్తుతం దీన్ని మించింది లేదు: రాజు ఉన్నాడు, మ్యూజియం ఆయన ఇంట్లోనే ఉంది, మగ్గం ఆడుతోంది. నాలుగింటిలో ఇప్పుడు ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

శిల్పం, వాస్తు చదివినవాళ్లకు ఇథియోపియా, కానీ ఆగాలి. ఆగలేకపోతే జింబాబ్వే. పనిమీద జోహానెస్‌బర్గ్ వెళ్లే తెలుగువాళ్లకు కూడా జింబాబ్వే అందుబాటులో ఉంటుంది, నాలుగు రోజులు కలిసొస్తే చాలు.

1860 నుంచి నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల జాడలు వెతకాలనుకునేవాళ్లకు ఈ నాలుగూ కావు, డర్బన్ కావాలి. దానికి వేరే ప్రణాళిక ఉండాలి.

ప్రయాణమే కుదరనివాళ్లు హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్‌తో మొదలుపెట్టొచ్చు. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వల్ల ఆ పేటకు ఆ పేరొచ్చింది. వాళ్ల సంతతి సిద్దీలు అక్కడ ఉంటున్నారు, మన పెళ్లి బరాత్‌ల్లో మోగే మర్ఫా వాళ్లు నిలబెట్టిన వాద్యమే.

## టికెట్ కొనేముందు

విదేశాంగ శాఖ ప్రయాణ సూచనలు బుక్ చేసే రోజు ఒకసారి, బయలుదేరే వారం ఇంకోసారి చూడండి, ముఖ్యంగా ఇథియోపియాకు. మలేరియా మందుల గురించి డాక్టరును అడగండి. ఘనాలో అడుగుపెట్టాలంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి. ఘనా, ఇథియోపియాల నుంచి తిరిగొచ్చేటప్పుడు అది లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఈ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో దొరుకుతుంది. వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, అక్కడినుంచి జీవితాంతం పనికొస్తుంది. కాబట్టి ముందు టీకా తేదీ ఖాయం చేసుకుని, ఆ తర్వాతే విమానం తేదీ చూసుకోండి.